లంగరు వేశాక వెలిగించిన పొయ్యి

కుడిచేత్తో బియ్యం పిసికి, ఎడమ అరచేయి అడ్డుపెట్టి కడుగునీళ్ళు వంపుతున్నాడు గరిటె బాబాయ్. మణికట్టు ఇంకా పూర్తిగా లొంగడం లేదు. గిన్నె వంచినప్పుడల్లా లోపల ఎక్కడో కలుక్కుమంటోంది. ఆ నొప్పి మొహంలోకి రాకుండా పళ్ళ వెనకే ఆపేసుకున్నాడు. లాంచీ రేవు గోడ వదిలి కాలువ మధ్యకు తిరిగింది. కాళ్ళ కింద పలకలు ఇంజిన్‌తో పాటు సన్నగా వణుకుతున్నాయి. చాలా రోజుల తర్వాత ఆ వణుకు కాళ్ళకు తగిలితే ప్రాణం లేచి వచ్చినట్టనిపించింది.

ఉప్పు కోసం అలవాటుగా ఎడమ పక్కకు చెయ్యి చాపాడు. పసుపు డబ్బా తగిలింది. నూనె సీసా ఉండాల్సిన చోట ఫ్లాస్కులు నిలబడి ఉన్నాయి. చాకు మేకుకు వేలాడుతోంది. అతనెప్పుడూ దాన్ని బల్ల సొరుగులో పెట్టేవాడు. బియ్యం గిన్నె పక్కన పెట్టి, ముందు ఆ డబ్బాలూ సీసాలూ అన్నీ పాత చోట్లకు మార్చాడు. తన మంచం మీద ఎవరో పడుకుని లేచిపోయినట్టుంది అతనికి. ఆ ఎవరో అతని భార్యే.

వంటమూల గుమ్మంలోంచి డైవర్ తల పెట్టాడు. పాతికేళ్ళ కుర్రాడు. కాలువలో దారి చూపడానికి వేసిన బోయాల కింద, నీళ్ళలో మునిగి గొలుసులకు పట్టిన గుల్లలు గీకడం అతని పని.

"బాబాయ్, పిన్ని రాలేదా?"

"నేను కనపడట్లేదా?"

"కనపడుతున్నావు. అందుకే అడిగా."

పైనుంచి ఇంజిన్ మేస్త్రి పకపకా నవ్వాడు. బాబాయ్ బియ్యంలో మళ్ళీ నీళ్ళు పోశాడు. ఇప్పటికే తేరిపోయిన నీళ్ళను ఇంకోసారి వంపాడు.

ఆ లాంచీ మీద నలుగురు. నడిపే సరంగు, ఇంజిన్ మేస్త్రి, డైవర్, వంటకు ఇతను. గరిటె బాబాయ్ అసలు పగ్గాలు లాగడానికి చేరిన మనిషి. అప్పటి వంటవాడు ఒకరోజు చెప్పాపెట్టకుండా మానేస్తే, ఎవరో ఒకరు వండాలి కాబట్టి ఇతను గరిటె పట్టుకున్నాడు. మళ్ళీ వదల్లేదు. కిరసనాయిలు స్టవ్ మీద, అలకు గిన్నె ఒరిగిపోతుంటే మోకాలితో ఆపుతూ, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే భుజానికి తుడుచుకుంటూ నేర్చుకున్నాడు. పక్కన నిలబడి ఇలా కాదు అలా అని చెప్పినవాళ్ళు లేరు. మాడిన రోజున అందరూ తిట్టారు, బాగున్న రోజున మాట్లాడకుండా తిన్నారు. ఆ మాట్లాడకపోవడమే అతనికి మెప్పు.

తర్వాత కాలువ పక్కనే నూనె గొట్టాలు వేశారు. ఆ చుట్టుపక్కల ఏ పడవ మీదా మంట వెలిగించకూడదన్నారు. స్టవ్ పోయింది. దాని బదులు ఒక బ్యాటరీ, ఇన్వర్టరు, కరెంటు కుక్కరు, ఇండక్షన్ పొయ్యి వచ్చాయి. మిగతా పడవల వాళ్ళు ఇంటి దగ్గర్నుంచి చద్దన్నం డబ్బాలు తెచ్చుకోవడం మొదలుపెడితే ఇతను మాత్రం ఆ కొత్త సామాను ముందు చతికిలబడ్డాడు. ఫ్యూజు పోయింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ పోయింది. ఏది ఎంత లాగుతుందో, మీటరు ముల్లు ఎక్కడికి వస్తే ఆపాలో కళ్ళతో చూసి, వేళ్ళతో ముట్టుకుని తెలుసుకున్నాడు. చుట్టూ నీళ్ళు, ఎక్కడా మంట లేదు, అయినా పొయ్యి మీంచి నేరుగా పళ్ళెంలోకి పొగలు కక్కే అన్నం. ఆ కాలువలో అలా పెట్టేవాడు తనొక్కడే. నేరుగా పొయ్యి మీంచే పెట్టాలి, అది అతని పట్టుదల. దించి పక్కన పెట్టిన తిండిని అతను తిండిగా లెక్కేయడు.

ఏళ్ళు గడిచేకొద్దీ బ్యాటరీ ముసలిదైంది. కూర అయ్యేసరికి అన్నానికి చాలేది కాదు, అన్నం అయ్యేసరికి కూరకు చాలేది కాదు. కొత్తది కావాలని సరంగును సతాయించాడు. సరంగు ఆఫీసును సతాయించాడు. రాలేదు. చివర్లో అన్నమొక్కటే వేడిగా పెట్టి, కూర ఇంటి దగ్గర్నుంచి తేవాల్సి వచ్చింది. ఆ నామోషీలోనే ఒకరోజు నాచు పట్టిన నిచ్చెన మీద కాలు జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు.

చేతికి కట్టు కట్టించుకుని ఇంట్లో కూర్చుంటే సరంగు చూడటానికి వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోకుండా, "నీ చెయ్యి అతుక్కునేదాకా చెల్లెమ్మని పంపు. వేరే మనిషిని ఎక్కడ వెతకను?" అన్నాడు.

బాబాయ్ సరేనన్నాడు. రెండ్రోజుల్లో కడుపులో తిప్పి తనే మానేస్తుందని అతని ధీమా. పైగా, "అల మీద వంటంటే ఇంట్లో వంట కాదు. వాంతులవుతాయి, నిమ్మకాయ దగ్గరుంచుకో," అని ఎంతో ప్రేమగా హెచ్చరించాడు కూడా.

ఆమెకు వాంతులు కాలేదు.

సాయంత్రం గాలికి చెదిరిన జుట్టుతో, ఎండకు కమిలిన మొహంతో ఇంటికొచ్చేది. ఆ ఇల్లు మేడ మీద ఒక్క గది. గోడకు ఒక్కటే ప్లగ్గు. ఆమె సంచీ దించి, కాళ్ళు చాపుకుని కూర్చుని తనలో తను నవ్వుకునేది.

"ఏంటా నవ్వు?"

"ఏం లేదండీ. కుర్రాడు ఇవాళ ఒక మాటన్నాడు."

"ఏమన్నాడు?"

"అది చెబితే నవ్వు రాదు. అక్కడుండాలి."

ఆ మాటే అతన్ని కాల్చేసింది. ఆ లాంచీ మీద తను లేని నవ్వు పుట్టింది. తన మనుషులు, తన పలకలు, తన పొయ్యి, వాటి మధ్య తనకు అర్థం కాని జోకు. ఇంకోరోజు ఆమె, "ఇవాళ మూడు రకాలు పెట్టానండీ. అన్నం, కూర, సూపు. మూడూ చెయ్యి కాలేంత వేడి," అంది. గొప్ప చెప్పుకోవాలని అన్నట్టు లేదు, బజార్లో కూరగాయల ధర చెప్పినట్టే అంది. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూశాడు. తను చివరికొచ్చేసరికి రెండోది పెట్టలేకపోయాడు. ఆమె మూడు పెట్టింది. ఎలా?

అడగొచ్చు. ఎదురుగానే ఉంది. కానీ అడగడమంటే ఒప్పుకోవడమే. రాత్రంతా తనే ఆలోచించి ఒక సమాధానం కనిపెట్టాడు. కొత్త బ్యాటరీ వచ్చి ఉంటుంది. తను ఏళ్ళ తరబడి అడిగితే రానిది, తను పడిపోగానే వచ్చింది. కొత్త బ్యాటరీ ఉంటే ఎవరైనా వండుతారు, ఇందులో గొప్పేముంది? ఈ సమాధానం దొరికాక అతనికి కాస్త నిద్ర పట్టింది.

కట్టు విప్పిన రోజునే రేవుకు పోయి సరంగు ముందు నిలబడ్డాడు.

"నయమైంది. రేపు వస్తా."

సరంగు గడ్డం గోక్కున్నాడు. మొహమాటం తెలియని మనిషి, కానీ ఆరోజు మాట వెతుక్కున్నాడు. "రా. అయితే ఒక్క మాట. కుర్రాడిప్పుడు రోజుకు రెండుసార్లు దిగుతున్నాడు. ఆ చల్లనీళ్ళలోంచి పైకొచ్చి, కడుపులో వేడిగా పడితేనే రెండోసారి దిగగలడు. చెల్లెమ్మ వచ్చాకే అది కుదిరింది. నువ్వూ అలా పెట్టగలిగితే నీ చోటు నీదే. లేదంటే చెల్లెమ్మే వస్తుంది. వంటకి ఒక్క మనిషికే ఒప్పుకుంటారు, నీకు తెలుసుగా."

"నా చోటు నాకు మీరు పెట్టే పరీక్షా సరంగు గారూ?"

"పరీక్ష నీకు కాదోయ్, నీ వంటకి."

పొద్దున బయల్దేరేటప్పుడు భార్య గుమ్మం దాకా వచ్చింది. "ఏమండీ, ఒక మాట వినండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడే..."

"నాకు నేర్పకు."

"నేర్పడం కాదండీ..."

"నువ్వు కళ్ళు తెరవకముందు నుంచి నేను ఆ పడవ మీద వండుతున్నా."

"మన పెళ్ళయ్యాకే కదండీ మీరు అందులో చేరింది?"

అతను చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు. ఆమె వెనకనుంచి "సరే, జాగ్రత్త" అంది. ఆ సరేలో ఎక్కడా కోపం లేకపోవడం అతనికి ఇంకా కోపం తెప్పించింది.

లాంచీ ఎక్కగానే అతను మొదట చూసింది బ్యాటరీ పెట్టె. అనుకున్నంతా అయింది. తుప్పు పట్టిన పాత పెట్టె లేదు. నీలం రంగుతో నిగనిగలాడుతూ, కొత్త బోల్టులతో, మూత బిగించి ఉంది. చూశావా అనుకున్నాడు. కడుపులో మంటా, చల్లదనమూ ఒకేసారి కలిగాయి. ఆమె గొప్పేమీ లేదని తేలినందుకు చల్లదనం. కొత్తది ఆమె కాలంలో వచ్చినందుకు మంట.

అందుకే ఈరోజు లాంచీ కదులుతున్నంతసేపూ అతను పొయ్యి ముట్టుకోలేదు. బియ్యం కడిగాడు. చేపలు తోమి, ముక్కలు కోసి, ఉప్పూ కారం పట్టించాడు. ఉల్లిపాయలు సన్నగా తరిగాడు. లంగరు వేసి, కుర్రాడు నీళ్ళలోకి దిగాక పొయ్యి వెలిగిస్తే, అతను పైకొచ్చే వేళకు అన్నం కుక్కర్లోంచి, చేప పెనం మీంచి నేరుగా పళ్ళెంలో పడతాయి. చుయ్‌మంటున్న చేప. ఆమె మూడు రకాలు పెట్టిందేమో గానీ పెనం మీంచి వేపుడు తీసి పెట్టి ఉండదు.

ఇంజిన్ మేస్త్రి తొంగి చూశాడు. "పొయ్యి పెట్టలేదేంటి బాబాయ్? పిన్ని అయితే ఈపాటికి సగం వంట..."

"నీ ఇంజిన్ నువ్వు చూసుకో."

"ఇంజిన్ బాగానే ఉందిలే. దానికి అసూయ లేదు," అంటూ మేస్త్రి తప్పుకున్నాడు.

బోయా దగ్గర లంగరు పడింది. ఇంజిన్ ఆగింది. సరంగు తాళం తీసి చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టాడు. డైవర్ నీళ్ళలో ఉన్నంతసేపూ ఆ తాళం జేబులోంచి బయటికి రాదు. కింద మనిషి ఉండగా లాంచీ అడుగున పంకా తిరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మేస్త్రి కుర్రాడి నడుముకు కట్టిన తాడు పట్టుకుని అంచున కూర్చున్నాడు. కుర్రాడు వీపున గాలి సిలిండరు బిగించుకుని, ముక్కు నొక్కుకుని, కళ్ళద్దం సర్దుకుని వెనక్కి వాలి మునిగిపోయాడు.

బాబాయ్ చేతులు తుడుచుకున్నాడు. కుక్కరు మీట నొక్కాడు. వెంటనే పెద్ద పొయ్యి కూడా పెట్టి పెనం ఎక్కించాడు. ఇన్వర్టరు ఫ్యాను హోరెత్తింది. మీటరు ముల్లు కిందికి వాలింది. పాత రోజుల్లో అయితే అక్కడే ఆపేసేవాడు. ఇవాళ ఆపలేదు. కొత్తది కదా, తట్టుకుంటుంది. కుక్కర్లో నీళ్ళు కుతకుతలాడటం మొదలైంది. పెనం మీద నూనె కాగి వాసన వస్తోంది. మొదటి చేపముక్కను వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు.

కీచుమని ఒక్క కూత. ఫ్యాను ఆగిపోయింది. కుక్కరు దీపం ఆరింది. పెనం చప్పుడు మెల్లగా సద్దుమణిగింది. లాంచీ పక్కను నీళ్ళు తడుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

మళ్ళీ మీట వేశాడు. ఒక్క నిమిషం నడిచి మళ్ళీ కూసి ఆగింది. మూడోసారి అసలు లేవనే లేదు.

కుక్కరు మూత తీసి చూశాడు. గింజ పైన మెత్తబడింది, నడుమ తెల్లటి పలుకు. చేప పచ్చిది. అతను వంగి నీలం పెట్టె బోల్టులు విప్పాడు. మూత తీశాడు. లోపలున్నది పాత బ్యాటరీయే. అంచు పగిలితే తనే చుట్టిన తాడు ముక్క, ఎత్తడానికి వీలుగా తనే కట్టిన పిడి, అన్నీ అలాగే ఉన్నాయి. తుప్పు గీకి, కడిగి, పెట్టెకు రంగేశారు. అంతే.

అంటే ఆమె ఆ మూడు రకాలూ ఈ ముసలిదాని మీదే వండింది.

ఇన్ని రోజులూ అతను కూర్చున్న కొమ్మ ఒక్కసారిగా విరిగింది. కొత్త బ్యాటరీ మీద అసూయ పడటం తేలిక. ఇప్పుడు ఆమె చేతి మీద అసూయ పడాలి.

పైకి ఎక్కి సరంగు దగ్గరికి వెళ్ళాడు. "సరంగు గారూ, ఒక్క కాసేపు ఇంజిన్..."

సరంగు అతనికేసి చూశాడు, తర్వాత నీళ్ళకేసి చూశాడు. జేబు గుండీ మీద చెయ్యి వేశాడు. ఆ మాట అడిగినందుకు బాబాయ్‌కే సిగ్గేసింది. ఇంతకుముందు ఎవరో కొత్తవాడు అలా అడిగితే తాళం దగ్గరికి వస్తే చెయ్యి విరుస్తానన్నది తనే.

మేస్త్రి తాడు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "ఫోన్ చెయ్యి బాబాయ్."

"ఎవరికి?"

"బ్యాటరీ కంపెనీవాళ్ళకా మరి? పిన్నికి కాకపోతే ఇంకెవరికి?"

మళ్ళీ వంటమూలలోకి దిగాడు. కింద కుర్రాడు చల్లనీళ్ళలో గొలుసు గీకుతున్నాడు. సిలిండరులో గాలి ఉన్నంతసేపూ గీకి, పైకొచ్చి, వణుకుతూ చేతులు చాపుతాడు. పచ్చి చేప పెట్టలేడు కదా. చేతులకు చేప జిడ్డు, అందుకని ఫోన్ బల్ల మీద పెట్టి మోచేత్తో స్పీకరు నొక్కాడు.

"ఊఁ, చెప్పండి," అంది ఆమె.

"ఏం లేదు. ఊరికే."

"పడవ మీంచి ఊరికే ఫోన్ చేసే మనిషేనా మీరు? ఆగిపోయిందా?"

అతను ఆరిపోయిన కుక్కరు దీపం వంక చూశాడు.

"ఏమేం పెట్టారు?"

"కుక్కరు. పెద్ద పొయ్యి."

"రెండూ ఒకేసారా?"

"ఊఁ."

"లంగరు వేశాకా?"

"అవును పిన్నీ, వేశాకే!" పైనుంచి మేస్త్రి అరిచాడు.

"ఎవరది? స్పీకర్లో పెట్టారా? పోనీలెండి, అందరూ వినండి. ఏమండీ, ఇంజిన్ తిరిగినంతసేపే ఆ బ్యాటరీకి మేత. వెళ్ళేటప్పుడే వండేసి, లంగరు పడేలోపు అన్నీ చుట్టి పెట్టాలి. ఇదే చెప్పబోయా పొద్దున."

"చుట్టి పెట్టిన తిండి తిండేనా?"

"ఇన్నేళ్ళూ ఇంట్లో మీరు తిన్నది అదే."

బాబాయ్ చల్లారిన పెనాన్ని పొయ్యి మీంచి దించాడు.

"మనకున్నది ఒక్క ప్లగ్గు కదండీ. రెండు పెడితే మేడ మొత్తం చీకటి. ఒకటి మరిగించి, దుప్పట్లో చుట్టి, ఇంకోటి పెడతా. మీరొచ్చేసరికి అన్నీ వేడిగా ఉంటాయి. ఎప్పుడూ బాగుందనేవాళ్ళే కదా?"

పైన మేస్త్రి దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

"సరే, ఇప్పుడేం చెయ్యాలో చెప్పు," అన్నాడు బాబాయ్. ఆ మాట బయటికి రావడానికి చేపముల్లు గొంతులోంచి వచ్చినంత కష్టమైంది.

"ముందు అన్నీ పీకేయండి. మంచుపెట్టె వైరు కూడా. బ్యాటరీని కాసేపు ఊపిరి తీసుకోనివ్వండి, కొంచెం లేస్తుంది. బియ్యం ఎంతవరకు వచ్చింది?"

"పలుకుంది."

"మూత తీశారా?"

"చూడకపోతే ఎలా తెలుస్తుంది?"

"తీశారన్నమాట. ఇక తీయకండి, మీకు దండం పెడతా. నీళ్ళున్నాయా లోపల?"

"ఉన్నాయి."

"అయితే పర్వాలేదు. బల్ల కింద నేను వదిలొచ్చిన సంచీలో దుప్పటుంది. కుక్కరు లోపలి గిన్నె దాంట్లో చుట్టి, పైన లైఫ్ జాకెట్ కప్పండి. చేప వేపుడు ఇవాళ కాదు. ఆ సంచీలోనే చిన్న కుక్కరుంది. మీరు బొమ్మ కుక్కరని వెక్కిరించారే, అదే. అది తక్కువ లాగుతుంది. ముక్కలు, ఉల్లిపాయ, టమాటా, నీళ్ళు. మరగనిచ్చి, ముక్క ఉడకగానే ఫ్లాస్కులోకి. తర్వాత ఇంకో వాయి. పెద్ద పొయ్యి వంక చూడను కూడా చూడకండి."

"సరే."

"ఇంకో మాటండీ."

"ఏంటి?"

"పడవ మీద ఆ పని నాకు నచ్చింది. మీతో అనలేదు గానీ, నచ్చింది."

ఆమె గొంతులో అడుగుతున్నట్టు లేదు. బతిమాలుతున్నట్టూ లేదు. అతను ఫోన్ వంక చూశాడు. "చెయ్యి ఖాళీ లేదు," అని మోచేత్తో నొక్కేశాడు.

అన్నీ పీకాడు. దుప్పటి తీశాడు. ఇంట్లో మంచం తలవైపు మడత పెట్టి ఉండే దుప్పటే. ఇన్నేళ్ళూ దాని మీద తల పెట్టుకుని పడుకున్నాడు, దాని అసలు ఉద్యోగం ఇదని తెలియక. గిన్నె చుట్టూ బిగించి, మూల మూలా లోపలికి దోపి, పైన జాకెట్ వేశాడు. చంటిపిల్లను పడుకోబెట్టినట్టుంది. చిన్న కుక్కరు చేతిలో పట్టేంతే ఉంది. ముక్కలు పేర్చి, తరిగిన ఉల్లిపాయ, టమాటా వేసి, మునిగేదాకా నీళ్ళు పోశాడు. మీట నొక్కే ముందు కాసేపు ఆగాడు. నొక్కాడు. ఇన్వర్టరు చిన్నగా మూలిగింది. కూయలేదు. మీటరు ముల్లు కొంచెం వంగి, అక్కడే నిలబడింది.

నీళ్ళు మరగడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ అతని మనసు రెండు ముక్కలైంది. ఆమె చెప్పింది తప్పని తేలితే బాగుండునని ఒక ముక్క. తేలితే కుర్రాడికి తిండి ఉండదని ఇంకో ముక్క. చేతులు మాత్రం రెండో ముక్క మాటే విన్నాయి. మొదటి వాయి ఫ్లాస్కులో పోశాడు. రెండో వాయి పెట్టాడు. ఆవిరి లేచినప్పుడు మిరియాలు దంచి వేశాడు, అది ఆమె చెప్పలేదు. రుచి చూశాడు. ఇంకొంచెం వేశాడు. ఈ ఒక్కటీ తనది.

మూడో వాయి ఫ్లాస్కులో పడ్డాక దుప్పటి విప్పాడు. మూత సందులోంచి ఆవిరి వేళ్ళకు తగిలింది. ఒక్క మెతుకు తీసి బొటనవేలు, చూపుడువేలు మధ్య నలిపాడు. పలుకు లేదు. చివరిదాకా మెత్తగా నలిగింది, అయినా ముద్ద కాలేదు. దీపం ఆరిపోయిన గిన్నెలో, కరెంటు లేకుండా, తన ప్రమేయం లేకుండా, అన్నం దానంతటదే ఉడికిపోయింది. అతనికి సంతోషం కలగలేదు. పనివాడికి తనకంటే మంచి పని కనిపించినప్పుడు కలిగేదే కలిగింది. గొంతులో చేదు, కళ్ళు మాత్రం దాన్ని వదలవు.

తాడు లాగినట్టు కదిలింది. మేస్త్రి, "వస్తున్నాడు," అన్నాడు. కుర్రాడు అంచు పట్టుకుని పైకొచ్చాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. దవడలు టకటకలాడుతున్నాయి. పైన కూర్చోబెట్టి, తువ్వాలు కప్పి, చేతులు రుద్దారు. గిన్నె ఇస్తే పట్టుకోలేకపోయాడు. బాబాయ్ తన రెండు చేతులూ అతని చేతుల చుట్టూ వేసి గిన్నె నోటి దగ్గర పెట్టాడు. సూపు ఒక గుక్క, ఇంకో గుక్క దిగాయి. కుర్రాడు కళ్ళు మూసుకుని, పెద్దగా ఊపిరి వదిలాడు.

"పిన్ని వచ్చిందా?" అన్నాడు.

మేస్త్రి తాడు వదిలేసి నవ్వాడు. సరంగు కూడా మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"వచ్చింది," అన్నాడు బాబాయ్. "ఫోన్లో."

"మిరియాలు మాత్రం ఎక్కువేసింది ఇవాళ. చాలా బాగుంది."

"అవి నేనేశా," అన్నాడు బాబాయ్. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది మాట.

కుర్రాడు రెండో గిన్నె తనే పట్టుకుని తాగాడు. అన్నం తిన్నాడు. పెదాలకు రంగు వచ్చింది. ఎండలో కాళ్ళు చాపుకుని కూర్చుని, కాసేపట్లో మళ్ళీ దిగుతానన్నాడు. సరంగు పళ్ళెం పట్టుకుని వంటమూల గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"వేడిగా పడింది. అన్న మాట అన్న మాటే. నీ చోటు నీదే."

బాబాయ్ గరిటె తుడుస్తూ ఉన్నాడు. ఔనంటే సరిపోతుంది. పొద్దున్నుంచి, పొద్దున్నుంచేంటి, కట్టు కట్టిన రోజునుంచి ఈ మాట కోసమే కదా. ఇప్పుడది చేతికొచ్చింది, సగం వేరేవాళ్ళ అన్నంలా ఉంది.

"వారం మార్చి వారం ఆవిడని రానివ్వండి," అన్నాడు.

"ఎందుకోయ్? జాలా?"

"జాలి కాదు. కుళ్ళు."

సరంగు ఈసారి దాచుకోకుండా నవ్వాడు.

"నవ్వకండి. లాంచీ వెళ్ళేటప్పుడు ఆవిడ ఏది ముందు పెడుతుందో, ఏది ఎప్పుడు చుడుతుందో నేను చూడలేదు. చెబుతుంటే వినలేదు. ఒక వారం ఆవిడ వండుతుంది, సాయంత్రం ఇంటికొస్తే అడిగి తెలుసుకుంటా. తర్వాతి వారం నేను నాలుగు రకాలు పెడతా."

"ఆవిడ అయిదు పెడితే?"

"పెడుతుంది," అన్నాడు బాబాయ్ కసిగా. "పెట్టే రకమే. అప్పుడు చూసుకుంటా."

"మా పంట పండింది రోయ్!" పైనుంచి మేస్త్రి అరిచాడు. "ఆ పళ్ళెం ఇటివ్వండి ముందు, ఆకలేస్తోంది."

బాబాయ్ అన్నం దిమ్మను గరిటె అంచుతో విడదీసి రెండు పళ్ళేల్లో పెట్టాడు. ఫ్లాస్కు మూత విప్పి, ముక్కలు విరగకుండా మెల్లగా వంచి, మేస్త్రికి రెండు ముక్కలు, సరంగుకు రెండు ముక్కలు వేశాడు. మిగిలిన సూపు పైన పోశాడు. మణికట్టు కలుక్కుమన్నా ఆపలేదు. ఒక పళ్ళెం పైకి అందించాడు. రెండోది సరంగు చేతిలో పెట్టి, "అడుగు కాలుతుంది, అంచు పట్టుకోండి," అన్నాడు.